టెక్సాస్‌లో స్కూల్ లైబ్రేరియన్ అవ్వాలంటే: ఇండియా ఎమ్మెస్సీ, బీఈడీ ఉన్నవాళ్ళు మళ్ళీ మాస్టర్స్ చేయాలా?

కావేరి_ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. నాది హెచ్-4 (హెచ్-1 మీద ఉన్నవాళ్ళ జీవిత భాగస్వామి వీసా), పని చేసుకోవడానికి అనుమతి కార్డు, అదే ఈఏడీ, ఉంది. నాగార్జున యూనివర్సిటీలో బీఎస్సీ, బోటనీ ఎమ్మెస్సీ, తర్వాత బీఈడీ. బీఈడీ అయ్యాక గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో మూడేళ్ళు బయాలజీ చెప్పాను. ఇక్కడి పబ్లిక్ స్కూల్లో లైబ్రేరియన్‌గా చేరాలన్నది ఆలోచన. ఎవరిని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు. లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ లేకపోతే కుదరదని ఒకరు, ఏ మాస్టర్స్ అయినా చాలని ఇంకొకరు. కాబట్టి తెలిసినవాళ్ళు ఈ నాలుగూ చెప్పండి.

1. నా ఎమ్మెస్సీ సరిపోతుందా, మళ్ళీ 36 క్రెడిట్లు చదవాలా?
2. ఏఎల్ఏ (అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్) గుర్తింపు ఉన్న కోర్సే తీసుకోవాలా?
3. ఇండియాలో పాఠం చెప్పిన మూడేళ్ళు ఇక్కడ లెక్కలోకి వస్తాయా?
4. ప్రాక్టికమ్ (స్కూల్ లైబ్రరీలో చేసే పని శిక్షణ), పరీక్ష ఎలా ఉంటాయి?

డెంటన్_దారి:

కావేరి గారూ, మీ బెంగంతా డిగ్రీ మీద ఉంది గానీ, అసలు చిక్కు మీ మూడో ప్రశ్నలో ఉంది. అది తేలకుండా ఒక్క క్రెడిట్‌కి కూడా డబ్బు కట్టకండి.

టెక్సాస్ నిబంధనలో స్టాండర్డ్ స్కూల్ లైబ్రేరియన్ సర్టిఫికెట్‌కి అడిగేవి నాలుగు. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి మాస్టర్స్ డిగ్రీ. క్లాస్‌రూమ్ టీచర్‌గా రెండు క్రెడిటబుల్ సంవత్సరాలు, అంటే నిబంధన ప్రకారం లెక్కలోకి వచ్చేవి. రాష్ట్రం ఆమోదించిన స్కూల్ లైబ్రేరియన్ శిక్షణ ప్రోగ్రామ్, దీన్నే ఇక్కడ ఈపీపీ అంటారు. ఆఖరున టెక్సెస్ అనే రాష్ట్ర పరీక్షల్లో స్కూల్ లైబ్రేరియన్ పరీక్ష. మొదటి దాంట్లో మాస్టర్స్ అనే ఉంది, లైబ్రరీ సైన్స్‌లోనే అని లేదు. అందుకే మీకు ఇద్దరు చెప్పిన మాటలూ పుట్టాయి. ఏ మాస్టర్స్ అయినా చాలన్న మాట నిజమే, కానీ దానివల్ల మళ్ళీ చదవక్కర్లేనిది డిగ్రీ మాత్రమే, శిక్షణ కాదు. మూడో షరతు కోసం లైబ్రరీ కోర్సులు చదవక తప్పదు.

కాబట్టి దారులు రెండు. ఒకటి పూర్తి ఎమ్మెల్లెస్ (లైబ్రరీ సైన్స్ మాస్టర్స్), మామూలుగా 36 క్రెడిట్లు, అంటే 12 కోర్సులు. ఉద్యోగం చేస్తూ సెమిస్టర్‌కి రెండు కోర్సుల చొప్పున, వేసవిలోనూ తీసుకుంటే రెండేళ్ళు. రెండోది ఇప్పటికే మాస్టర్స్ ఉన్నవాళ్ళకి సర్టిఫికేషన్ మాత్రమే ఇచ్చే ప్రోగ్రామ్. కోర్సులు తగ్గుతాయి, చేతికి కొత్త డిగ్రీ రాదు. విదేశీ డిగ్రీ ఇక్కడ దేనితో సమానమో చెప్పే ఎవాల్యుయేషన్ రిపోర్టులో మీ ఎమ్మెస్సీ అమెరికా మాస్టర్స్‌తో సమానమని వస్తేనే రెండోది మీకు తెరుచుకుంటుంది.

ఫ్రిస్కో నుంచి చూస్తే డెంటన్‌లోనే రెండు యూనివర్సిటీలు ఉన్నాయి, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్, టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీ. రెండింటి లైబ్రరీ మాస్టర్స్‌కీ ఏఎల్ఏ గుర్తింపు ఉంది. హంట్స్‌విల్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్, హ్యూస్టన్ పక్కన యూహెచ్ క్లియర్ లేక్, ఇంకా ఈస్ట్ టెక్సాస్ ఏ అండ్ ఎం. ఈ చివరిది పాత టెక్సాస్ ఏ అండ్ ఎం కామర్స్. 2024 నవంబరులో పేరు మారింది, పాత పేరుతో వెతికి కంగారు పడకండి. కోర్సులు చాలావరకు ఆన్‌లైనే.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. యూనివర్సిటీలో ఎమ్మెల్లెస్ సీటు రావడం వేరు, ఈపీపీలో చేరడం వేరు. ఈపీపీకి విడిగా దరఖాస్తు పెట్టాలి, అడ్మిషన్ లెటర్ చేతికి రావాలి, మీరు ఒప్పుకున్నట్టు సంతకం చేసి పంపాలి. పబ్లిక్ లైబ్రరీల కోసం ఉన్న జనరల్ ట్రాక్‌లో చేరి రెండు సెమిస్టర్లు గడిచాక స్కూల్ ట్రాక్‌కి మారతామంటే, ఈపీపీలో చేరకముందు చదివిన కోర్సులు లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది. మొదటి దరఖాస్తులోనే స్కూల్ లైబ్రేరియన్ సర్టిఫికేషన్ కావాలని రాయండి.

సీలు_కవరు:

కాగితాల సంగతి నేను చెబుతాను.

ముందు డిగ్రీలు. టీఈఏ (టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, రాష్ట్ర విద్యాశాఖ) ఆమోదించిన ఎవాల్యుయేషన్ సంస్థల జాబితా వాళ్ళ సైట్‌లో ఉంటుంది, దాంట్లో ఉన్నవాళ్ళ దగ్గరే చేయించండి. కోర్స్ బై కోర్స్ రిపోర్టే తీసుకోండి. కాస్త తక్కువ ఖర్చని డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ తీసుకుంటే అందులో సబ్జెక్టులు, క్రెడిట్లు ఉండవు, యూనివర్సిటీ తిప్పి పంపుతుంది.

మన మూడేళ్ళ బీఎస్సీ దగ్గర సంస్థకో లెక్క. కొన్ని దాన్ని నాలుగేళ్ళ బ్యాచిలర్స్‌గా ఒప్పుకోవు, బీఎస్సీ ఎమ్మెస్సీ కలిపి ఒక బ్యాచిలర్స్, పైన ఏడాది గ్రాడ్యుయేట్ చదువు అని రాస్తాయి. అలా వస్తే మీ ఎమ్మెస్సీ మాస్టర్స్ కిందికి రాదు, సర్టిఫికేషన్ మాత్రమే అన్న దారి మూసుకుపోతుంది. డబ్ల్యూఈఎస్ లాంటి ఎవాల్యుయేషన్ సంస్థ దగ్గర విద్యాసంస్థ న్యాక్ గ్రేడు, మీ డివిజన్ బట్టి మూడేళ్ళ డిగ్రీని పూర్తి బ్యాచిలర్స్‌గా చూసే వీలుంది. అందుకని డబ్బు కట్టేముందు ఆ సంస్థ భారతీయ మూడేళ్ళ డిగ్రీని, దానిమీది ఎమ్మెస్సీని ఎలా చూస్తుందో మెయిల్‌లో అడగండి. ఆ సంస్థ రిపోర్టుని మీరు చేరబోయే యూనివర్సిటీ తీసుకుంటుందా అన్నదీ అప్పుడే కనుక్కోండి. ఒకే రిపోర్టు రెండు చోట్లా చెల్లకపోతే రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

నాగార్జున నుంచి తెప్పించాల్సినవి మూడు డిగ్రీలకూ ట్రాన్స్‌క్రిప్టులు, యూనివర్సిటీ సీలు పడిన కవర్లో. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో నోటరీ చేయించి పంపితే ట్రాన్స్‌క్రిప్ట్ కాదు. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే తీసుకోండి, ప్రొవిజనల్ మీదే ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చినవాళ్ళకి ఇక్కడ పని ఆగిపోతుంది. అక్కడ ఎవరైనా మీ తరఫున తిరగాలంటే ఆథరైజేషన్ లెటర్, మీ గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి. అన్ని మెమోల్లోనూ మీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం మాత్రమే ఉంటే పాస్‌పోర్ట్ పేరుతో కలిపే అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి.

ఇక మూడేళ్ళ సర్వీసు. టెక్సాస్‌లో టీచర్ సర్వీస్ రికార్డుకి ఒక ఫారం ఉంది, ఫిన్-115 అంటారు. ఏ ఏడాది, ఏ హోదాలో, ఎన్ని రోజులు, ఫుల్ టైమా కాదా, ఇవి వరసగా నింపి స్కూలు అధికారి సంతకం పెట్టాలి. పూర్తి వేళలు పనిచేస్తే ఒక విద్యాసంవత్సరంలో కనీసం 90 రోజులు ఉంటేనే అది ఒక ఏడాది కింద లెక్క. మన స్కూళ్ళు ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్లో మాత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, ప్రవర్తన బాగుంది, అంతే ఉంటుంది. అది చాలదు. స్కూలు లెటర్‌హెడ్ మీద ఇవన్నీ రాయించండి:

చేరిన తేదీ, మానేసిన తేదీ. విద్యాసంవత్సరం వారీగా పని రోజులు. ఫుల్ టైమ్ అన్న మాట. చెప్పిన తరగతులు, సబ్జెక్టు. స్కూలు గుర్తింపు ఉత్తర్వు నంబరు, అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో. 11 అంకెల యూడైస్ కోడ్. సీబీఎస్ఈ అయితే అఫిలియేషన్ నంబరు.

గుర్తింపు తేదీలు ఎందుకంటే, గుర్తింపు ఉన్న స్కూల్లో చేసిన సర్వీసే క్రెడిటబుల్. చాలా ప్రైవేటు స్కూళ్ళు రెన్యూవల్ ఆలస్యంగా చేయించుకుంటాయి. మీరు పనిచేసిన మూడేళ్ళలో ఒక ఏడాది ఆ ఖాళీలో పడితే మీకు మిగిలేవి సరిగ్గా రెండు, రెండేళ్ళు ఆ ఖాళీలో పడితే మీ లెక్క తప్పినట్టే. స్కూలు మూతపడి ఉంటే ఎంఈవో, డీఈవో ఆఫీసుల్లో రికార్డు వెతికించి, వాళ్ళ కౌంటర్ సైన్ తీసుకోవాలి. జీతం చేతికి ఇచ్చారా, బ్యాంకులో వేశారా అన్నది కూడా గుర్తు చేసుకోండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ దొరక్కపోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు పనికొస్తాయి.

ఆ మూడేళ్ళూ బీఈడీ తర్వాతే కావడం మంచిదైంది. టీచర్ అర్హత లేకముందు చేసిన సర్వీసు దగ్గర ప్రశ్నలు ఎక్కువ వస్తాయి.

కావేరి_ఫ్రిస్కో:

చాలా థ్యాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒకవేళ ఆ మూడేళ్ళూ లెక్కలోకి రాకపోతే? మా దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో లైబ్రరీ ఎయిడ్ (సహాయకురాలి) ఉద్యోగం ఖాళీగా ఉంది. అందులో రెండేళ్ళు చేస్తే సరిపోతుందా?

డెంటన్_దారి:

సరిపోదండీ. నిబంధనలో ఉన్నది క్లాస్‌రూమ్ టీచర్ అనుభవం. ఎయిడ్ పని ఎన్నేళ్ళు చేసినా ఆ లెక్కలో పడదు. లైబ్రరీ లోపలి పని తెలుసుకోవడానికి, ప్రిన్సిపాల్ దృష్టిలో పడటానికి మంచి ఉద్యోగమే, చేయొద్దనను. దాన్ని రెండేళ్ళ టీచింగ్‌కి బదులు అనుకోవద్దు, అంతే.

ఇండియా సర్వీసు తేలకపోతే టెక్సాస్‌లోనే టీచర్‌గా రెండేళ్ళు చేయాలి. మీ బీఈడీతో టీఈఏకి విదేశీ సర్టిఫికెట్ల రివ్యూకి పెట్టుకోవచ్చు. లేదా ఏదైనా ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్‌లో చేరి సైన్స్ టీచర్‌గా ఇంటర్న్ సర్టిఫికెట్ మీద ఉద్యోగం తెచ్చుకోవచ్చు. సైన్స్ టీచర్లకి గిరాకీ ఉంది కాబట్టి బోటనీ మీకు కలిసొస్తుంది. మొదటి ఏడాది టీచర్‌గా స్థిరపడి, రెండో ఏడాది నుంచి ఎమ్మెల్లెస్ మొదలుపెడితే కాలం వృథా కాదు. ఇంగ్లిష్ పరీక్ష సంగతి కూడా ఇప్పుడే అడగండి. మినహాయింపు రాకపోతే టోఫెల్ ఐబీటీలో, 2026 జనవరికి ముందున్న 30 మార్కుల స్కేలు మీద, స్పీకింగ్ 24, లిజనింగ్ 22, రీడింగ్ 22, రైటింగ్ 21 అడిగేవారు. మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా ఒక్కోదాంట్లో విడివిడిగా కనీస మార్కులు రావాలి. ఎక్కువగా ఆగిపోయేది స్పీకింగ్ దగ్గర.

ఈఏడీ గురించి ఒక మాట. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన రెన్యూవల్ దరఖాస్తులకి పాత కార్డు ఆటోమేటిక్‌గా పొడిగింపు కావడం లేదు. గడువుకి 180 రోజుల ముందే పెట్టొచ్చు కాబట్టి ఆ మొదటి వారంలోనే పెట్టండి. స్కూల్ సంవత్సరం మధ్యలో కార్డు గడువు ముగిస్తే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం స్కూళ్ళని నడిపే సంస్థ) మిమ్మల్ని ఆపేయాల్సి వస్తుంది, మీ సర్వీసు ఏడాది 90 రోజులకి చేరకుండా తెగిపోవచ్చు.

ఫీజు విషయంలో, హెచ్-4 మీద ఉన్నవాళ్ళు టెక్సాస్‌లో 12 నెలలు స్థిరంగా ఉన్నట్టు చూపిస్తే రెసిడెంట్ ట్యూషన్‌కి, అంటే రాష్ట్రవాసుల ఫీజుకి, అర్హులు. అడ్మిషన్ ఆఫీసు వీసా చూడగానే ఇంటర్నేషనల్ అని వేసేస్తుంది, రెసిడెన్సీ ప్రశ్నావళి విడిగా నింపి సరిచేయించుకోవాలి. ఫెడరల్ విద్యార్థి సాయం మాత్రం గ్రీన్ కార్డు వచ్చేదాకా లేదు.

గూడు_852:

నాలుగో ప్రశ్నకి నేను.

ప్రాక్టికమ్ కనీసం 160 గంటలు. నిజమైన స్కూల్లో, నిజమైన లైబ్రరీలో. ఆన్‌లైన్ స్కూలు కుదరదు. 15 వారాల సెమిస్టర్‌కి పంచితే వారానికి సుమారు 11 గంటలు. రోజుకి ఏడున్నర గంటల లెక్కన పూర్తి రోజులు వెళితే 22 రోజులు. యూనివర్సిటీ తరఫున ఫీల్డ్ సూపర్‌వైజర్ కనీసం మూడుసార్లు మీ పని చూడాలి, మూడూ కలిపి 135 నిమిషాలకి తగ్గకూడదు, మొదటిది ప్రాక్టికమ్ మొదటి మూడో వంతులోనే జరగాలి. స్కూల్లో మీకు దారి చూపే సైట్ సూపర్‌వైజర్ సర్టిఫైడ్ లైబ్రేరియన్ అయి, మూడేళ్ళ అనుభవం ఉన్నవారై ఉండాలి. బంధువులు పనికిరారు.

చెడిపోయేది ఎక్కడంటే, చోటు దొరకడం దగ్గర. ఆగస్టులో మొదలయ్యే ప్రాక్టికమ్‌కి జూన్‌లో అడిగితే డిస్ట్రిక్ట్ ఆఫీసులో జవాబు చెప్పేవాళ్ళు ఉండరు. అంతకు ముందు ఫిబ్రవరి, మార్చిలోనే అడగాలి, ఫింగర్‌ప్రింట్లు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తిచేసి పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్ర పరీక్షల కోసం చాలా స్కూళ్ళు లైబ్రరీ గదినే వాడుకుంటాయి. స్ప్రింగ్‌లో పెట్టుకున్నవాళ్ళు సగం గంటలు మార్చి లోపే పూర్తిచేసుకోకపోతే చివర్లో ఇరుక్కుంటారు. గంటల లాగ్ రోజూ రాసి వారంవారం సంతకం తీసుకోండి. పుస్తకాలు సర్దడం, బార్‌కోడ్ అంటించడం తోనే లాగ్ నిండితే ఫీల్డ్ సూపర్‌వైజర్ ఒప్పుకోరు. టీచర్‌తో కలిసి తయారుచేసిన పాఠం, కొనుగోలు జాబితా, కలెక్షన్ విశ్లేషణ, బడ్జెట్ కాగితం, ఇవి ఉండాలి.

కోర్సుల్లో మనవాళ్ళు భయపడేది క్యాటలాగింగ్‌కి. నిజానికి సైన్స్ చదివినవాళ్ళకి అదే సులువు, మొక్కల వర్గీకరణ చదివిన బుర్రకి, పుస్తకాలని విషయాల వారీగా అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతి కొత్తేమీ కాదు. మార్క్ రికార్డులో, అంటే కంప్యూటర్ క్యాటలాగులో ఒక్కో పుస్తకానికి రాసే వివరాల్లో, కొన్ని ట్యాగులు (అంకెల గుర్తులు) నోటికి రావాలి. 020 ఐఎస్‌బీఎన్, 100 రచయిత, 245 పేరు, 520 సారాంశం, 521 ఏ వయసువాళ్ళకి, 650 విషయ శీర్షిక, 852 ఏ బీరువాలో ఉందో. కొత్తవాళ్ళు 650లో మరీ విశాలమైన మాట పెడతారు. కప్పల మీది పుస్తకానికి జంతువులు అని పెడితే కప్పల కోసం వెతికిన పిల్లవాడికి అది కనబడదు. విషయం ఎంత సన్నమో శీర్షిక అంత సన్నంగా ఉండాలి.

వీడింగ్ అంటే పాత పుస్తకాలు తీసేయడం. దీనికి టెక్సాస్ స్టేట్ లైబ్రరీ వాళ్ళు పెట్టిన క్రూ పద్ధతి అమెరికా అంతా వాడతారు. మస్టీ అని ఆరు అక్షరాల గుర్తు: తప్పుదోవ పట్టించేది, చిరిగి పాడైంది, కొత్త కూర్పు వచ్చేసింది, పనికిరానంత పలచనిది, ఈ స్కూలుకి అక్కర్లేనిది, ఇంకోచోట తేలిగ్గా దొరికేది. దానిముందు రెండు అంకెలు ఉంటాయి, అచ్చయి ఎన్నేళ్ళు, ఎవరూ తీసుకెళ్ళక ఎన్నేళ్ళు. కంప్యూటర్లకి 3/ఎక్స్/మస్టీ అని ఉంటే మూడేళ్ళు దాటినది ఎవరైనా చదువుతున్నా సరే తీసేయాలని అర్థం. మనకి పుస్తకం పారేయడం అంటే చెయ్యి రాదు, సరస్వతి అంటాం. కానీ ప్లూటోని తొమ్మిదో గ్రహంగా చెప్పే పుస్తకం బీరువాలో ఉంటే పిల్లవాడు దాన్నే నమ్మి రిపోర్టు రాసుకుపోతాడు. 2006 ముందు అచ్చయిన సౌరకుటుంబం పుస్తకాలు ఇప్పటికీ చాలా స్కూళ్ళలో ఉన్నాయి.

పరీక్షకి ఈపీపీ అనుమతి ఇస్తేనే కూర్చోగలరు. 100 నుంచి 300 స్కేలు మీద 240 వస్తే పాస్. మొత్తం ఐదు ప్రయత్నాలే, రెండు ప్రయత్నాల మధ్య 30 రోజులు ఆగాలి. ప్రశ్నలు సన్నివేశాల రూపంలో ఉంటాయి, లైబ్రేరియన్ ముందుగా ఏం చేయాలి, అన్నిటికన్నా మంచి పని ఏది, అని. చదివి బట్టీ కొట్టినవాళ్ళు ఓడిపోయేది వీటి దగ్గరే. లైబ్రేరియన్ ఒంటరిగా నిర్ణయం తీసుకునే జవాబు తరచుగా తప్పు, టీచర్‌తో కలిసి పనిచేసేది, స్కూల్ బోర్డు పాలసీ ప్రకారం నడిచేది తరచుగా ఒప్పు. పాత ప్రిపరేషన్ పుస్తకాలతో జాగ్రత్త. ఎవరైనా పుస్తకం మీద అభ్యంతరం చెబితే నిర్ణయం వచ్చేదాకా అది బీరువాలోనే ఉండాలని అవి చెబుతాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలైన సెనేట్ బిల్లు 13 ప్రకారం టెక్సాస్‌లో అలాంటి పుస్తకాన్ని తేలేదాకా పిల్లలకి ఇవ్వకూడదు.

ఎడిసన్_పాఠకుడు:

డెంటన్_దారి గారు చెప్పినదంతా టెక్సాస్‌కి సరైనదే. కానీ ఏ మాస్టర్స్ అయినా చాలన్న మాట దగ్గర కాస్త ఆగండి. హెచ్-1 మీద ఉన్న కుటుంబం ఫ్రిస్కోలోనే ఉండిపోతుందని ఎవరు చెప్పగలరు? ఉద్యోగం న్యూజెర్సీకి మారితే ఇక్కడ ఇదే పదవిని స్కూల్ లైబ్రరీ మీడియా స్పెషలిస్ట్ అంటారు, లైబ్రరీ సబ్జెక్టులో గ్రాడ్యుయేట్ క్రెడిట్లు లెక్కపెడతారు. బోటనీ ఎమ్మెస్సీ మీద తీసుకున్న టెక్సాస్ సర్టిఫికెట్ ఇక్కడ సగం దూరమే తెస్తుంది. కాలిఫోర్నియాలో అయితే ముందు టీచర్ క్రెడెన్షియల్ ఉండాలి, దానిమీద టీచర్ లైబ్రేరియన్ క్రెడెన్షియల్. చాలా రాష్ట్రాలు ప్రాక్సిస్ స్కూల్ లైబ్రేరియన్ పరీక్ష అడుగుతాయి, టెక్సెస్ మార్కులు వాటికి చెల్లవు.

అందుకని రెండో ప్రశ్నకి నా జవాబు ఇది: టెక్సాస్ చట్టం అడగకపోయినా ఏఎల్ఏ గుర్తింపు ఉన్న 36 క్రెడిట్లే చదవండి. ఏఎల్ఏ గుర్తింపు లేకపోయినా ఏఏఎస్ఎల్ (ఏఎల్ఏలోని స్కూల్ లైబ్రేరియన్ల విభాగం) గుర్తించిన స్కూల్ లైబ్రరీ ప్రోగ్రామ్ అయితే స్కూళ్ళ వరకూ పర్వాలేదు. కానీ స్కూళ్ళలో పోస్టులు తగ్గినప్పుడు పబ్లిక్ లైబ్రరీకో కాలేజీ లైబ్రరీకో మారాలంటే వాళ్ళు అడిగేది ఏఎల్ఏ డిగ్రీ. హ్యూస్టన్‌లో 2023లో రాష్ట్రం డిస్ట్రిక్ట్‌ని చేతిలోకి తీసుకున్నాక చాలా స్కూళ్ళలో లైబ్రేరియన్ పోస్టులు తీసేశారు. ప్రతి స్కూల్లో లైబ్రేరియన్ ఉండి తీరాలన్న చట్టం టెక్సాస్‌లో లేదు.

డెంటన్_దారి:

ఒప్పుకుంటున్నానండీ. ఊరు మారే అవకాశం ఉన్నవాళ్ళకి 36 క్రెడిట్ల దారే మంచిది. ఎమ్మెస్సీ ఎవాల్యుయేషన్‌లో తేడా వచ్చినా అప్పుడు భయం ఉండదు, కొత్త డిగ్రీయే ఆ షరతు తీరుస్తుంది.

జీతం సంగతి ఎవరూ చెప్పలేదు. టెక్సాస్ కనీస జీతాల పట్టికలో ఫుల్ టైమ్ లైబ్రేరియన్లూ టీచర్లతో పాటే ఉన్నారు, కాబట్టి అనుభవం లెక్క కలిసి వస్తుంది. అయితే 2025లో హౌస్ బిల్లు 2 టీచర్లకి ఇచ్చిన రిటెన్షన్ పెంపు క్లాసులో ఉన్న టీచర్లకే. 5,000 మంది కంటే ఎక్కువ పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో ఐదేళ్ళ అనుభవం నిండిన టీచర్‌కి అది 5,000 డాలర్లు. క్లాసు వదిలి లైబ్రరీకి వెళితే అది పోతుంది. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు రెండు పదవుల జీతాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న మీరే అడగండి, లైబ్రరీ షెడ్యూలు ఫిక్స్‌డా ఫ్లెక్సిబులా అని. ఎలిమెంటరీల్లో సంగీతం, ఆటలతో పాటు లైబ్రరీని రొటేషన్‌లో పెడితే రోజంతా వరసగా క్లాసులే. కొనుగోళ్ళకి, క్యాటలాగింగ్‌కి, టీచర్లతో కూర్చోవడానికి గంట కూడా మిగలదు. ఎయిడ్ ఉన్నారా లేదా అన్నది కూడా అడగండి.

కావేరి_ఫ్రిస్కో:

అర్థమైందండీ. గుంటూరు స్కూలుకి లెటర్ నమూనా ఇవాళే పంపుతున్నాను, ట్రాన్స్‌క్రిప్టులకి మా తమ్ముడు వెళతాడు. చివరిగా ఒక్కటి. ఇక్కడ స్కూళ్ళలో మన పిల్లలు చాలామంది ఉన్నారు కదా, లైబ్రరీలో తెలుగు పుస్తకాలు పెట్టే వీలుంటుందా? ఊరి నుంచి తెప్పించి ఇస్తే తీసుకుంటారా?

గూడు_852:

పెట్టొచ్చు, పని మాత్రం ఉంది. సెనేట్ బిల్లు 13 తర్వాత కొన్నవైనా ఉచితంగా ఇచ్చినవైనా స్కూల్ బోర్డు ఆమోదం కావాలి. జాబితా 30 రోజుల ముందు జనానికి కనబడేలా పెట్టాలి. సూట్‌కేసులో తెచ్చి నేరుగా బీరువాలో పెట్టడం కుదరదు. ఇంగ్లిష్ పుస్తకాలకి సమీక్షలు రెడీగా దొరుకుతాయి, తెలుగువాటికి ఉండవు. కాబట్టి ఒక్కో పుస్తకానికి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాల సారాంశం, ఏ వయసువాళ్ళకో, ఏ పేజీలో బొమ్మలున్నాయో రాసి జాబితాతో జతచేయాలి. పదేసి కాకుండా ఒకేసారి నలభై యాభై కలిపి పెడితే బోర్డు ముందుకి ఒక్కసారే వెళుతుంది.

రెండు భాషల పుస్తకాలతో మొదలుపెట్టండి, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్నవి. లిపి రాని పిల్లలు కూడా తీసుకెళతారు, ఇంట్లో అమ్మమ్మలు చదివి వినిపిస్తారు. పిన్నులు గుచ్చిన పల్చటి పుస్తకాలు పదిమంది చేతుల్లో పడితే నిలవవు, ప్లాస్టిక్ కవరు, వెన్ను టేపు వేశాకే ఇవ్వాలి.

క్యాటలాగులో చాలావాటికి రెడీ రికార్డు దొరకదు, మీరే రాయాలి. 041లో భాష కోడ్ టీఈఎల్. 245లో పేరు రోమన్ లిపిలో, దానికి జతగా 880లో తెలుగు లిపిలో. రోమన్‌లోకి మార్చేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే ఒకే రచయిత మూడు పేర్లతో కనిపిస్తారు, ఏఎల్ఏ-ఎల్‌సీ వాళ్ళ తెలుగు పట్టిక ఉంది, అదే వాడండి. తెలుగు సాహిత్యానికి డ్యూయీ నంబరు 894.827. కానీ పిల్లల కథలన్నీ ఆ నంబరు కింద పెడితే పెద్దల బీరువా చివర్న ఎవరి కంటా పడవు. బొమ్మల కథల వరసలోనే ఒక అర ఇచ్చి, వెన్ను మీద తెలుగు అని స్టిక్కరు అంటించి, 852లో ఆ అర పేరే రాయండి.

ఐఎస్‌బీఎన్ లేని పాత పుస్తకాలు వస్తే 020 ఖాళీగా వదిలేయండి, పక్క పుస్తకం నంబరు కాపీ చేయొద్దు. అలా చేస్తే డెస్టినీలో (స్కూళ్ళు వాడే లైబ్రరీ సాఫ్ట్‌వేర్) రెండు పుస్తకాలూ ఒకే రికార్డు కింద కలిసిపోతాయి, విడదీయడానికి ఒక్కోదాన్నీ చేత్తో సరిచేయాలి.